పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. మరి పాస్‌వర్డులు, పర్మిషన్లు దేనికి?

మీరు అడిగింది ఇదీ: అమీర్‌పేటలో ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు, 5 కంప్యూటర్లు. ఒకదాని డీ డ్రైవ్‌లో క్లయింట్ల ఫోల్డర్లు పెట్టి మిగతా నాలుగింటికీ షేర్ ఇచ్చారు. అందరికీ వేరువేరు పాస్‌వర్డులున్నాయి. ఆ మెషీన్ పాస్‌వర్డ్ మర్చిపోయి రిపేరు కుర్రాణ్ణి పిలిస్తే, అతను పెన్‌డ్రైవ్ పెట్టి, పాస్‌వర్డ్ ఊసే లేకుండా పది నిమిషాల్లో పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తెరిచి చూపించాడు. విండోస్ కాపలా ఇంతేనా, లినక్స్ సర్వర్ పెట్టుకుంటే ఆగుతుందా అన్నది మీ సందేహం. దాంతోపాటు, పాత మెషీన్ మీద ఉబుంటు వేసి షేర్ చేస్తే 'పర్మిషన్ డినైడ్' అంటోందని, ఎవరో చెబితే 777 (లినక్స్‌లో అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే అంకె) పెట్టినా పని కాలేదని రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పర్మిషన్లను అమలు చేసేది డిస్కు కాదు, నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని పక్కన పెట్టి వేరే సిస్టమ్‌తో బూట్ చేస్తే, ఫలానా ఫైలు ఫలానావాళ్లే చూడాలని డిస్కు మీద రాసుకున్నది ఉత్త రాతగా మిగిలిపోతుంది. దాన్ని పాటించమని బలవంతపెట్టేవాళ్లు అక్కడ ఉండరు. లినక్స్‌లోనూ ఇదే పరిస్థితి, కాబట్టి మారినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మెషీన్ ఆపి ఉన్నప్పుడు కాపాడేది ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే చదవలేకుండా డేటాను మార్చేయడం) ఒక్కటే: విండోస్‌లో బిట్‌లాకర్, లినక్స్‌లో లక్స్. పగలంతా ఆఫీసు నడుస్తున్నప్పుడు కాపాడేవి పర్మిషన్లు. రెండూ కావాలి, ఒకటి రెండోదాని పని చేయదు. ఇక 777 సంగతి: మీ కేసులో అది పని చేయకపోవడానికి ఒక నిర్దిష్టమైన కారణం ఉంది, కింద రాస్తాను.

ఇది ఎందుకిలా ఉంటుందో తెలిస్తే మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు, అందుకే కాస్త లోపలికి వెళ్తాను.

మీరు ఒక ఎక్సెల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేశారనుకోండి. ఎక్సెల్ తనంతట తాను డిస్కును ముట్టుకోలేదు. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో కోడ్ నడవడానికి అంతస్తులున్నాయి, వాటిని రింగులంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ రింగ్ 0లో నడుస్తుంది, మన ప్రోగ్రాములన్నీ రింగ్ 3లో. రింగ్ 3లో ఉన్న కోడ్ హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడబోయినా, కెర్నెల్ మెమరీలోకి తొంగిచూడబోయినా ప్రాసెసరే ఆపేసి కెర్నెల్‌కు అప్పగిస్తుంది. కాబట్టి ఎక్సెల్‌కు ఉన్న దారి ఒక్కటే, సిస్టమ్ కాల్ ద్వారా ఫైలు తెరవమని కెర్నెల్‌ను అడగడం. అప్పుడు కెర్నెల్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఒకటి మీరు లాగిన్ అయినప్పుడు తయారైన టోకెన్. అందులో మీ ఎస్‌ఐడీ (విండోస్ ప్రతి యూజర్‌కూ, గ్రూపుకూ ఇచ్చే గుర్తింపు అంకె), మీరున్న గ్రూపుల ఎస్‌ఐడీలు, మీకున్న ప్రత్యేక హక్కులు ఉంటాయి. రెండోది ఫైలుకు తగిలించి ఉన్న పర్మిషన్ల జాబితా, అంటే ఏసీఎల్. రెండూ కలిస్తే హ్యాండిల్ (ఆ ఫైలును వాడుకోవడానికి చీటీ లాంటిది) ఇస్తుంది, కలవకపోతే 'యాక్సెస్ డినైడ్'. లినక్స్‌లో టోకెన్ బదులు యూజర్‌కు యూఐడీ, గ్రూపుకు జీఐడీ అనే అంకెలుంటాయి. పద్ధతి మాత్రం అదే.

ఈ తనిఖీ గురించి రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి, ఆఫీసుల్లో తికమకలు చాలావరకు వీటి దగ్గరే మొదలవుతాయి. మొదటిది, టోకెన్ తయారయ్యేది లాగిన్ అయినప్పుడే. ఒక అమ్మాయిని ఇప్పుడు కొత్త గ్రూపులో చేర్చితే, ఆమె లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆ హక్కు రాదు. తీసేసినా అంతే, వెంటనే పోదు. రెండోది, తనిఖీ జరిగేది ఫైలు తెరిచేటప్పుడు, చదివిన ప్రతిసారీ కాదు. ఇప్పటికే తెరిచి ఉన్న ఫైలు పర్మిషన్ మీరు తీసేసినా, మూసేవరకు అతను చదువుతూనే ఉంటాడు. మానేసి వెళ్లిపోతున్న ఉద్యోగి విషయంలో ఇది ముఖ్యం, మళ్లీ వస్తాను.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కుర్రాడు మీ పాస్‌వర్డ్ పగలగొట్టలేదు, ఆ అవసరమే రాలేదు. పెన్‌డ్రైవ్ నుంచి వేరే కెర్నెల్ లేచింది. రింగ్ 0లో కూర్చున్నది మీ విండోస్ కాదు, అతని లినక్స్. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్కు మీద విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) డిస్కును చదవగలదు కానీ మీ ఎస్‌ఐడీలు దానికి సంబంధం లేని అంకెలు, వాటిని పట్టించుకోదు. డిస్కు ఊడదీసి ఇంకో విండోస్ కంప్యూటర్‌కు తగిలించినా ఇంతే. అక్కడ 'మీకు పర్మిషన్ లేదు, కంటిన్యూ నొక్కండి' అని వస్తుంది, ఆ మెషీన్ అడ్మిన్ నొక్కితే తెరుచుకుంటుంది. అందుకే సర్వీసుకు ఇచ్చే ల్యాప్‌టాప్, పాత సామానుకు అమ్మేసే హార్డ్ డిస్కు, ఎంఎంటీఎస్‌లో మర్చిపోయిన బ్యాగు, ఈ మూడింటికీ పర్మిషన్లు జవాబు కాదు.

బిట్‌లాకర్ ఎలా పెట్టాలి

ముందు 'విన్‌వెర్' కమాండ్ నడిపి విండోస్ ఎడిషన్ చూడండి. ప్రో అయితే బిట్‌లాకర్ పూర్తిగా ఉంటుంది. హోమ్ అయితే సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉందేమో చూడండి, హార్డ్‌వేర్ అనుకూలిస్తేనే కనబడుతుంది. డేటా ఉన్న మెషీన్ హోమ్ అయితే దాన్నొక్కదాన్నైనా ప్రోకి మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం, మిగతా నాలుగు ఆగొచ్చు.

పెట్టేటప్పుడు చేసే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే.

సీ డ్రైవ్‌కు మాత్రమే పెట్టి ఊరుకోవడం. మన ఆఫీసుల్లో డేటా ఉండేది డీలో. సీకి పెట్టి డీ వదిలేస్తే వీధి గుమ్మానికి తాళం వేసి దొడ్డి తలుపు తీసి ఉంచినట్టే. ముందు సీ చేయండి, తర్వాత డీ చేసి 'ఆటో అన్‌లాక్' ఆన్ చేయండి. అప్పుడు విండోస్ మామూలుగా లేచినప్పుడు డీ దానంతట అదే తెరుచుకుంటుంది.

'వాడిన జాగా మాత్రమే' అన్న ఆప్షన్ ఎంచుకోవడం. కొత్త డిస్కుకు అది చాలు. మీది ఏళ్లుగా వాడుతున్న డిస్కు. తుడిచేసిన ఫైళ్ల తాలూకు డేటా ఖాళీ జాగాలో ఇంకా పడి ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటకు వస్తుంది. 'మొత్తం డ్రైవ్' ఎంచుకోండి. గంటలు పడుతుంది, శనివారం సాయంత్రం మొదలుపెట్టి వదిలేయండి.

రికవరీ కీని అదే కంప్యూటర్‌లో ఉంచుకోవడం. ఆ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. మదర్‌బోర్డ్ మారినా, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినా, బూట్ సెట్టింగులు మారినా, ఎన్‌క్రిప్షన్ కీని కాపాడే టీపీఎమ్ చిప్ అనుమానపడి ఆ కీ అడుగుతుంది. అప్పుడు కీ లేకపోతే డేటా పోయినట్టే, ఏ నిపుణుడూ తెచ్చివ్వలేడు. రెండు కాపీలు ప్రింట్ తీసి, ఒకటి ఆఫీసు లాకర్‌లో, ఒకటి ఇంట్లో పెట్టండి. ప్రతి కాగితం మీద ఏ మెషీనో, ఏ డ్రైవో, కీ ఐడీ మొదటి 8 అక్షరాలు ఏమిటో చేత్తో రాయండి. రికవరీ స్క్రీన్ మీద ఆ ఐడీ చూపిస్తుంది, ఏ కాగితం దేనిదో అప్పుడే తేలుతుంది. సీకి ఒక కీ, డీకి వేరే కీ ఉంటాయి. బయోస్ అప్‌డేట్ చేసే ముందు బిట్‌లాకర్‌ను 'సస్పెండ్' చేసి, అయ్యాక 'రెజ్యూమ్' చేస్తే ఈ గొడవ రాదు. రెజ్యూమ్ మర్చిపోవద్దు.

అయిపోయాక నమ్మకంతో ఆగకండి, చూడండి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మేనేజ్-బీడీఈ కమాండ్‌ను స్టేటస్ ఆప్షన్‌తో నడపండి. 'ఫుల్లీ ఎన్‌క్రిప్టెడ్' అని ఉంటే సరిపోదు. దాని కింద 'ప్రొటెక్షన్ ఆన్' అని కూడా ఉండాలి. 'ప్రొటెక్షన్ ఆఫ్' అని ఉంటే డేటా ఎన్‌క్రిప్ట్ అయింది కానీ దాని తాళంచెవి అదే డిస్కు మీద బాహాటంగా పడి ఉందని అర్థం. సస్పెండ్ చేసి మర్చిపోయిన మెషీన్లన్నీ ఇలాగే కనబడతాయి. తర్వాత ఆ కుర్రాడు వాడినలాంటి పెన్‌డ్రైవే పెట్టి బూట్ చేసి చూడండి. డ్రైవ్ కనబడుతుంది, కీ ఇవ్వనిదే లోపల ఏమీ కనబడకూడదు.

టీపీఎమ్ ఒక్కదానితో పెట్టిన బిట్‌లాకర్, మెషీన్ ఆన్ చేయగానే తనంతట తాను తెరుచుకుంటుంది. విండోస్ లాగిన్ స్క్రీన్ దాకా అడ్డేమీ ఉండదు, అక్కడి నుంచి మళ్లీ కాపలా విండోస్‌దే. బయటకు తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌లకు గ్రూప్ పాలసీలో 'స్టార్టప్‌లో అదనపు ఆథెంటికేషన్' ఆన్ చేసి పిన్ కూడా పెట్టండి, కనీసం 6 అంకెలు. స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో కీ మెమరీలోనే ఉంటుంది కాబట్టి బ్యాగులో పెట్టే ముందు హైబర్నేట్ చేయడం, లేదా షట్‌డౌన్ చేయడం అలవాటు చేసుకోండి.

బయోస్ పాస్‌వర్డ్ పెట్టి పెన్‌డ్రైవ్ బూట్ ఆపేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. పెట్టండి, మంచిదే, పిల్లచేష్టలను ఆపుతుంది. డిస్కు ఊడదీసేవాణ్ణి మాత్రం ఆపలేదు.

ఇంకో హెచ్చరిక. ఫైలు ప్రాపర్టీస్‌లో 'ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్' అని ఒక టిక్ ఉంటుంది. అది ఈఎఫ్‌ఎస్, బిట్‌లాకర్ కాదు. దాని కీ ఆ యూజర్ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోయాడని అడ్మిన్ కొత్తది పెట్టేస్తే, ముందుగా సర్టిఫికెట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోని పక్షంలో ఆ ఫైళ్లు ఇక తెరుచుకోవు. మీ ఆఫీసులో పాస్‌వర్డులు మర్చిపోవడం జరుగుతోందని మీరే రాశారు కాబట్టి ఆ టిక్ జోలికి పోవద్దు.

ఇక పగటి కాపలా: ఎవరికి ఏది

1975లో ఎంఐటీకి చెందిన సాల్ట్‌జర్, ష్రోడర్ సమాచార రక్షణకు కొన్ని సూత్రాలు రాశారు. వాటిలో రెండు మీ ఆఫీసుకు నేరుగా పనికొస్తాయి: ఎవరికైనా పనికి కావలసినంత హక్కే ఇవ్వాలి, విడిగా ఇవ్వని హక్కు లేనట్టే లెక్క. మీ డీ డ్రైవ్ రెండోదానికి పూర్తిగా ఎదురు. విండోస్‌లో కొత్తగా ఫార్మాట్ చేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ మీద 'ఆథెంటికేటెడ్ యూజర్స్'కు 'మాడిఫై' హక్కు దానంతట అదే వస్తుంది. అంటే ఆ మెషీన్‌లో లాగిన్ అయిన ఎవరైనా డీలోని ఏ ఫోల్డర్‌నైనా చదవచ్చు, మార్చవచ్చు, తుడిచేయవచ్చు. వేరువేరు పాస్‌వర్డులు పెట్టడం వల్ల ఎవరు వచ్చారో విండోస్‌కు తెలిసింది, అంతే. వచ్చినవాళ్లను ఎక్కడ ఆపాలో మీరు ఇంకా చెప్పలేదు.

మొదట చేయాల్సింది, రోజువారీ పని చేసే అకౌంట్లలో ఒక్కటి కూడా అడ్మిన్‌గా ఉండకూడదు, మీది కూడా. అడ్మిన్‌కు 'టేక్ ఓనర్‌షిప్' అనే హక్కు ఉంటుంది. ఏ ఫోల్డర్‌కు ఏ డినై పెట్టినా దాన్ని సొంతం చేసుకుని పర్మిషన్లు తిరగరాయగలడు. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన యూఏసీ అనే ఏర్పాటు, అడ్మిన్‌కు కూడా మామూలుగా తగ్గించిన టోకెనే ఇచ్చి, అవసరమైనప్పుడు 'యెస్' నొక్కమంటుంది. కానీ ఆ యెస్ అలవాటుగా నొక్కేస్తారు. స్టాండర్డ్ యూజర్ అయితే అక్కడ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఒక్క క్షణం ఆగి చూస్తారు. విడిగా ఒక అడ్మిన్ అకౌంట్ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ వేయడానికి మాత్రమే వాడండి.

తర్వాత గ్రూపులు. పేరుపేరునా పర్మిషన్ ఇవ్వడం మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి ఎవరికి ఏమిచ్చారో మీకే తెలియదు. 'జీఎస్‌టీ', 'ఐటీ రిటర్న్స్', 'పార్ట్‌నర్లు' అని మూడు గ్రూపులు చేసి ఫోల్డర్ హక్కులు గ్రూపులకే ఇవ్వండి. అన్ని మెషీన్ల అకౌంట్లనూ ఒకేచోట నడిపే డొమైన్ మీకు లేదు కాబట్టి, మిగతా నాలుగు మెషీన్లలో ఉన్న యూజర్ పేర్లు, పాస్‌వర్డులు యథాతథంగా డేటా మెషీన్‌లో కూడా ఉండాలి. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతే షేర్ తెరుచుకోదు. చేయాల్సిన వరుస ఇదీ: క్లయింట్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, అక్కడ 'డిజేబుల్ ఇన్హెరిటెన్స్' నొక్కి, వచ్చిన హక్కులను కాపీ చేసుకోండి. ఆథెంటికేటెడ్ యూజర్స్‌ను, యూజర్స్‌ను తీసేయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ ఉండనివ్వండి. అప్పుడు సబ్‌ఫోల్డర్ వారీగా గ్రూపులకు మాడిఫై ఇవ్వండి. 'ఫుల్ కంట్రోల్' ఎవరికీ వద్దు. అందులో పర్మిషన్లు మార్చే హక్కు కూడా కలిసి వస్తుంది.

షేర్ ట్యాబ్‌లో ఒక జాబితా, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకో జాబితా ఉంటాయి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లకు రెండూ దాటాలి, ఏది తక్కువ ఇస్తే అదే వర్తిస్తుంది. రెండుచోట్లా సన్నగా కట్టడి చేస్తే తర్వాత ఎక్కడ ఆగిందో పట్టుకోలేరు. షేర్‌లో ఆథెంటికేటెడ్ యూజర్స్‌కు 'చేంజ్' ఇచ్చేసి, అసలు కట్టడి అంతా సెక్యూరిటీ ట్యాబ్‌లోనే ఉంచండి. అక్కడే అడ్వాన్స్‌డ్‌లో 'ఎఫెక్టివ్ యాక్సెస్' అని ఉంది. యూజర్ పేరు ఇస్తే చివరికి అతనికి దక్కేదేమిటో చూపిస్తుంది.

'డినై' ఎక్కువగా వాడకండి. అందరూ అనుకున్నట్టు డినై ఎప్పుడూ గెలవదు. విండోస్ చూసే వరుస ఇది: ఆ ఫోల్డర్ మీదే పెట్టిన డినై, ఆ ఫోల్డర్ మీదే పెట్టిన అలౌ, పైనుంచి వారసత్వంగా వచ్చిన డినై, చివరగా వారసత్వంగా వచ్చిన అలౌ. కాబట్టి పై ఫోల్డర్ మీద పెట్టిన డినైని లోపలి ఫోల్డర్ మీద నేరుగా ఇచ్చిన అలౌ దాటేస్తుంది. వద్దనుకున్నవాళ్లకు డినై పెట్టడం కన్నా అసలు అలౌ ఇవ్వకుండా ఉండడమే శుభ్రమైన పద్ధతి.

కాపీ, మూవ్ తేడా కూడా గమనించండి. ఫైలు కాపీ చేస్తే చేరిన ఫోల్డర్ పర్మిషన్లు వస్తాయి. అదే డ్రైవ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మూవ్ చేస్తే పాత పర్మిషన్లే వెంట వస్తాయి. పార్ట్‌నర్ల ఫోల్డర్ నుంచి జీఎస్‌టీ ఫోల్డర్‌లోకి కట్ చేసి పేస్ట్ చేసిన ఫైలు జీఎస్‌టీ వాళ్లకు తెరుచుకోకపోవడానికి ఇదే కారణం. మామూలుగా 'ఆ ఫైలు పాడైంది' అని ఫిర్యాదు వస్తుంది, పాడవలేదు.

మీరు ట్యాలీ కూడా వాడుతూ ఉంటారనుకుంటున్నాను. ట్యాలీ ప్రోగ్రామ్ ఎవరు తెరిస్తే వాళ్ల టోకెన్‌తోనే నడుస్తుంది కాబట్టి, షేర్ ఫోల్డర్ మీద పెట్టుకుని అందరూ వాడే పద్ధతిలో డేటా ఫోల్డర్‌కు ఆ యూజర్లందరికీ రాసే హక్కు ఇవ్వక తప్పదు. ఇస్తే, ట్యాలీ లోపల ఎన్ని యూజర్ పాస్‌వర్డులు పెట్టినా, ఎక్స్‌ప్లోరర్‌లోంచి ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయడాన్నీ తుడిచేయడాన్నీ విండోస్ ఆపదు. కాపీ అయినా చదవలేకుండా ఉండాలంటే ట్యాలీ వాల్ట్ పెట్టండి, అది కంపెనీ డేటానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. తుడిచేస్తే బ్యాకప్ ఒక్కటే దిక్కు.

777 ఎందుకు పని చేయలేదు

మీరు వివరాలు పూర్తిగా రాయలేదు కానీ, షేర్ ఫోల్డర్‌ను హోమ్ ఫోల్డర్ లోపల పెట్టి ఉంటారని నా అంచనా. లినక్స్‌లో ఒక ఫైలు దాకా వెళ్లాలంటే దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీ (ఫోల్డర్) మీద 'ఎక్స్', అంటే లోపలికి వెళ్లే హక్కు ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి హోమ్ డైరెక్టరీలు 750తో వస్తున్నాయి. అంటే ఓనర్, అతని గ్రూపు తప్ప మిగతా లోకానికి లోపలికి అడుగే లేదు. మీరు లోపలి గదికి 777 పెట్టి తలుపులు బార్లా తెరిచారు, వీధి గేటు మాత్రం మూసే ఉంది. నేమ్‌ఐ అనే కమాండ్‌ను మైనస్ ఎల్‌తో ఆ ఫైలు దారి ఇచ్చి నడపండి. దారిలో ప్రతి డైరెక్టరీ ఓనర్, గ్రూపు, హక్కులు వరుసగా చూపిస్తుంది, ఎక్కడ ఆగిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

దయచేసి ఆ తర్వాతి అడుగు వేయకండి. లోపలిది పని చేయలేదని హోమ్‌కు కూడా 777 పెడతారు. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) కీ లాగిన్ ఆగిపోతుంది. హోమ్ డైరెక్టరీలో ఇతరులు రాయగలిగితే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆ కీని నమ్మదు, అది సరైన ప్రవర్తనే. ఇంకా విసిగి రూట్, అంటే అన్నిటికన్నా పై డైరెక్టరీ నుంచి మొత్తానికీ 777 కొడితే, అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే సుడో చచ్చిపోతుంది. సుడో ప్రోగ్రామ్ మీద సెట్‌యూఐడీ అనే బిట్ ఉంటుంది, దాని వల్లే అది లినక్స్ అడ్మిన్ అయిన రూట్ యూజర్‌గా నడుస్తుంది. హక్కులు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌తో ఉత్త 777 ఇస్తే ఆ బిట్ ఎగిరిపోతుంది. ఇక ఆ మెషీన్‌ను ఒక్కో ఫైలూ సరిచేసే కన్నా మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే తక్కువ పని.

సరైన పద్ధతి చిన్నదే. రూట్ కింద ఎస్‌ఆర్‌వీ డైరెక్టరీలో 'క్లయింట్స్' చేయండి. గ్రూపు తయారుచేసి సీహెచ్‌ఓన్‌తో ఓనర్ రూట్, గ్రూపు జీఎస్‌టీ అని పెట్టి, సీహెచ్‌మోడ్‌తో 2770 ఇవ్వండి. 770 అంటే ఓనర్‌కూ గ్రూపుకూ అన్ని హక్కులూ, ఇతరులకు ఏదీ లేదు. మొదటి 2 సెట్‌జీఐడీ. అది ఉంటే లోపల ఎవరు కొత్త ఫైలు చేసినా దాని గ్రూపు జీఎస్‌టీయే అవుతుంది. అది లేకపోతే ఎవరు చేసిన ఫైలు వాళ్ల సొంత గ్రూపులో పడి, పక్కవాళ్లకు తెరుచుకోదు. 'నిన్నటి ఫైళ్లు వస్తున్నాయి, ఇవాళ్టివి రావట్లేదు' అనే ఫిర్యాదు వెనక ఉండేది ఇదే. లినక్స్ ఫోల్డర్లను విండోస్ మెషీన్లకు షేర్ చేసే సాంబాలో ఆ షేర్ కింద క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770 రాయండి. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా కూడా ఫైళ్లు చేసేవాళ్లుంటే వాళ్ల యూమాస్క్ (కొత్త ఫైళ్ల నుంచి ఏ హక్కులు తీసేయాలో చెప్పే అంకె) 007 ఉండాలి, 022 ఉంటే గ్రూపుకు రాసే హక్కు పోతుంది.

రెండు చిక్కులు తెలిసి ఉండాలి. ఫైలు తుడిచే హక్కు ఫైలు మీద ఉండదు, అది ఉన్న డైరెక్టరీ మీద ఉంటుంది. ఫైలుకు 440 (ఓనర్, గ్రూపు చదవడం మాత్రమే) పెట్టి భద్రం అనుకుంటారు, డైరెక్టరీలో రాసే హక్కున్నవాడు దాన్ని నిక్షేపంగా తుడిచేస్తాడు. ఎవరి ఫైలు వాళ్లే తుడవాలంటే డైరెక్టరీకి స్టికీ బిట్ కూడా పెట్టి 3770 చేయండి. రెండోది, తనిఖీ ఓనర్, గ్రూపు, ఇతరులు అనే వరుసలో మొదట సరిపోయిన చోటే ఆగిపోతుంది. 'ఇతరులకు' హక్కు ఉండి గ్రూపుకు లేకపోతే, గ్రూపులో ఉన్నవాడికి రాదు. ఇక రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్ వేస్తే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఈ బిట్లన్నిటి పైన ఇంకో తనిఖీ చేస్తుంది. బిట్లు సరిగ్గా ఉండీ డినైడ్ వస్తుంటే ఆడిట్ లాగ్ చూసి ఫోల్డర్ లేబుల్ సరిచేయండి, ఎస్‌ఈలినక్స్‌నే ఆపేయకండి.

ఈ సర్వర్ డిస్కుకూ ఎన్‌క్రిప్షన్ కావాలి. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే లక్స్ ఎంచుకోవడం తేలిక, తర్వాత పెట్టడం కష్టం. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాస్‌ఫ్రేజ్ కొట్టాలి, కాబట్టి మంచి యూపీఎస్ పెట్టుకోండి. లక్స్ హెడర్ (డిస్కు మీద కీ సమాచారం ఉండే భాగం) పాడైతే పాస్‌ఫ్రేజ్ తెలిసినా డేటా రాదు. క్రిప్ట్‌సెటప్‌లోని హెడర్ బ్యాకప్ ఆప్షన్‌తో కాపీ తీసి వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి.

ఇంత చేసినా ఆగనిది

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కెర్నెల్ పరిస్థితీ అదే. అది చూసేది ఎవరి పేరున నడుస్తున్నదనే తప్ప, ఆ ప్రోగ్రామ్ ఉద్దేశమేమిటో కాదు. ఈమెయిల్‌లో వచ్చిన నకిలీ ఇన్వాయిస్ తెరిస్తే లోపలున్న ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) మీ టోకెన్‌తోనే నడుస్తుంది. మీరు మార్చగల ప్రతి ఫైలునూ అది మార్చగలదు, బిట్‌లాకర్ అప్పటికే తెరిచి ఉంటుంది కాబట్టి అడ్డు రాదు. అందుకే హక్కులు తగ్గించి ఇవ్వమన్నది. జీఎస్‌టీ అమ్మాయి మెషీన్‌కు సోకితే పోయేది జీఎస్‌టీ ఫోల్డర్ మాత్రమే కావాలి. పాత సంవత్సరాల ఫోల్డర్లను అందరికీ 'రీడ్' మాత్రమే చేసేయండి, రోజూ మార్చాల్సిన పని లేదు కదా. విండోస్ సెక్యూరిటీలో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాములు ఆ ఫోల్డర్లలో రాయలేవు. మొదటి వారం మీ సాఫ్ట్‌వేర్లలో కొన్నిటిని విడిగా అనుమతించాల్సి వస్తుంది.

అప్‌డేట్లు ఆపేసిన మెషీన్ ఉంటే పైన చెప్పినవన్నీ వృథా. 2017 మే నెలలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండానే. దాని ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేయనివాళ్లు దొరికిపోయారు. కెర్నెల్‌లో రంధ్రం ఉంటే పర్మిషన్లు తనిఖీ చేసేవాడే అవతలివాడి చేతిలోకి వెళ్లినట్టు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ఐదింటిలో ఏదైనా ఇంకా దాని మీద ఉంటే అది డేటా మెషీన్ మాత్రం కాకూడదు.

బ్యాకప్ రెండు బయటి డిస్కుల మీద వారం మార్చి వారం తీయండి. తీశాక డిస్కు ఊడదీసి లాకర్‌లో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కును ర్యాన్సమ్‌వేర్ ఇంకో ఫోల్డర్‌గానే చూస్తుంది. ఈ డిస్కులకూ బిట్‌లాకర్ టు గో పెట్టండి, లేకపోతే మొత్తం ఆఫీసు డేటా జేబులో పట్టే డబ్బాలో తాళం లేకుండా ఉన్నట్టు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, సహేతుకమైన భద్రతా ఏర్పాట్లు చేయనందుకు జరిమానా గరిష్ఠంగా ₹250 కోట్ల దాకా ఉంది. చిన్న ఆఫీసుకు అంత వేస్తారని కాదు, క్లయింట్ల ఆధార్ కాపీలు మీ దగ్గరున్నంతకాలం ఆ బాధ్యత మీదేనని చెప్పడానికి.

డీఎస్‌సీ టోకెన్ల (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరాల) గురించి ఒక మాట. వాటిలో ప్రైవేట్ కీ చిప్ దాటి బయటకు రాదు, కాపీ చేయలేరు, డిజైన్ అంత మంచిది. దాని మీద స్టిక్కర్ వేసి పిన్ రాసి, కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే ఆ మంచితనమంతా పోతుంది. క్లయింట్ సంతకం అది. సంతకం చేయగానే తీసి బీరువాలో పెట్టండి.

చివరిగా, మానేసే ఉద్యోగి. అతని అకౌంట్ తుడిచేయకండి, 'డిజేబుల్' చేయండి. విండోస్‌కు పేరు ముఖ్యం కాదు, ఎస్‌ఐడీ ముఖ్యం. తుడిచేసి మళ్లీ అదే పేరుతో చేసినా కొత్త ఎస్‌ఐడీ వస్తుంది, పాత హక్కులు రావు. ఫోల్డర్ జాబితాల్లో మాత్రం పాత ఎస్‌ఐడీ ఎస్-1-5తో మొదలయ్యే పొడవాటి అంకెగా మిగిలిపోతుంది, అది ఎవరిదో తర్వాత ఎవరికీ గుర్తుండదు. డిజేబుల్ చేసినా, తెరిచి ఉన్నవి తెరిచే ఉంటాయని పైన చెప్పాను. కాబట్టి డేటా మెషీన్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్ కింద 'సెషన్స్', 'ఓపెన్ ఫైల్స్' చూసి అతని పేరున ఉన్నవన్నీ మూసేయండి. అందరికీ తెలిసిన వైఫై, షేర్ పాస్‌వర్డులు ఏవైనా ఉంటే అదే రోజు మార్చండి.

ఐదింటిలో ఎన్ని హోమ్, ఎన్ని ప్రో ఉన్నాయో, ఉబుంటు మీద ఆ నేమ్‌ఐ కమాండ్ ఏం చూపించిందో ఇక్కడే రాయండి. ఎక్కడ ఆగిందో చెబుతాను.